ఫాషిర్ మీద మన ఖామోషీకి ఎన్ని బహానాలు?



సూడాన్ దేశంలో దార్ఫూర్ అనే ఇలాకా ఉంది. అందులో అల్ ఫాషిర్ అనే షహర్. ఆ షహర్‌ని ఏడాదిన్నర పాటు చుట్టుముట్టి, జనాన్ని ఆకలితో మాడ్చి, 2025 అక్టోబర్ 26న రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే ఫౌజు పట్టుకుంది. పొట్టిగా ఆర్‌ఎస్‌ఎఫ్ అంటారు. ఆ తర్వాతి రోజుల్లో ఇళ్లలో, రోడ్ల మీద, ఆసుపత్రిలో జనాన్ని కాల్చి చంపారు. చంపుతూ వీడియోలు తీసి వాళ్లే నెట్‌లో పెట్టుకున్నారు. చచ్చినవాళ్లు కలిమా చదివినవాళ్లు. చంపినవాళ్లూ కలిమా చదివినవాళ్లే.

ఆ వారం జుమా అక్టోబర్ 31న వచ్చింది. మీ మసీదులో ఖుత్బాకి ముందు బయాన్‌లో ఫాషిర్ పేరు వినిపించిందా? వినిపిస్తే అల్‌హందులిల్లా. వినిపించకపోతే ఎందుకు వినిపించలేదో మనం మాట్లాడుకోవాలి. గాజా కోసం మనం ఏడ్చాం. ఏడవాలి కూడా. కునూతె నాజిలా చదివాం, చందాలు వేశాం, కూల్‌డ్రింకులు మానేశాం. చిన్న పిల్లలు సైతం బిస్కెట్ ప్యాకెట్ తిప్పి కంపెనీ పేరు చూసి మరీ కొన్నారు. అంతగా మేలుకున్న ఖౌము ఫాషిర్ దగ్గరకొచ్చేసరికి ఎందుకు కళ్లు మూసుకుంది?

నేను అడిగేది ఒక్కటే. మజ్లూమ్ కోసం గొంతెత్తే ముందు జాలిమ్ ఎవరో, మన జేబుకి అతనితో ఏం సంబంధమో చూసుకునే అలవాటు మనకు ఎప్పుడు వచ్చింది?

ముందు జరిగింది తెలుసుకుందాం. తెలియకుండా చేసే దువా కూడా గాలిలోకే పోతుంది.

ఫాషిర్ ఉత్తర దార్ఫూర్‌కి రాజధాని. ఒకప్పుడు దార్ఫూర్ సుల్తానుల తఖ్త్ ఇక్కడే ఉండేది. హరమైన్ షరీఫైన్‌కి హదియాలు పంపిన సల్తనత్ అది. ఆఖరి సుల్తాన్ అలీ దీనార్‌ని 1916లో అంగ్రేజుల ఫౌజు ఓడించి చంపి దార్ఫూర్‌ని సూడాన్‌లో కలిపేసింది. ఖురాన్ హిఫ్జ్ చేసేవాళ్లకు ఆ ఇలాకా పెట్టింది పేరు.

2023 ఏప్రిల్ 15న, రంజాన్ ఆఖరి అషరాలో, ఖార్తూమ్‌లో రెండు ఫౌజుల మధ్య జంగ్ మొదలైంది. ఒకవైపు జనరల్ అబ్దుల్ ఫత్తాహ్ బుర్హాన్ నడిపే సర్కారీ సైన్యం. రెండోవైపు హెమెద్తీ అని పిలిచే ముహమ్మద్ హమ్దాన్ దగలో నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్. 2021 అక్టోబర్‌లో ఈ ఇద్దరూ కలిసే పౌర ప్రభుత్వాన్ని కూల్చారు. లాక్కున్న గద్దెని పంచుకునే దగ్గర తగువు పడ్డారు. ఆ తగువుకి కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇల్లు వదలాల్సి వచ్చింది. 2011 లెక్కల్లో తెలంగాణ జనాభా ఎంతో, అందులో మూడో వంతు అనుకోండి.

2023 చివరికల్లా దార్ఫూర్‌లోని మిగతా నాలుగు రాష్ట్రాల రాజధానులు న్యాలా, జాలింగే, జునైనా, దయీన్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయాయి. జునైనాలో మసాలిత్ ఖబీలా మనుషుల్ని వెతికి వెతికి చంపారు. మిగిలింది ఫాషిర్. చుట్టుపక్కల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లంతా అక్కడే తలదాచుకున్నారు. 2024 మేలో ముహాసరా మొదలైంది. జూన్ 13న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2736 నంబర్ తీర్మానం చేసి ముహాసరా ఆపమని ఆర్‌ఎస్‌ఎఫ్‌కి చెప్పింది. ఎవరూ ఆపలేదు. ఆపించలేదు.

2025లో షహర్ చుట్టూ మట్టి కట్ట పోయడం మొదలుపెట్టారు. యాభై కిలోమీటర్లకు పైగా పోశారు. సాటిలైట్ ఫోటోలలో ఆ కట్ట నెల నెలా పెరగడం దునియా మొత్తం చూసింది. లోపల ఇంకా రెండు లక్షల అరవై వేల మంది ఉన్నారని, అందులో సగం పిల్లలేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు చెబుతూనే ఉన్నాయి. 2011 జనగణనలో మన కరీంనగర్ పట్టణ జనాభా దాదాపు అంతే. కరీంనగర్ చుట్టూ కట్ట పోసి, బియ్యం లారీని రానీయకుండా, మనిషిని బయటికి పోనీయకుండా ఏడాదిన్నర ఉంచారని ఊహించుకోండి.

తినడానికి ఏముంది? అంబాజ్ తిన్నారు. అంబాజ్ అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క. మన ఊళ్లలో బర్రెలకీ ఎడ్లకీ కుడితిలో కలిపి పెడతాం చూడండి, అదే. దాన్ని నానబెట్టి పిల్లలకు తినిపించారు. కొన్నాళ్లకు అది కూడా దొరకలేదు. 2025 జూన్‌లో ఫాషిర్ వైపు తిండి తీసుకెళ్తున్న ఐక్యరాజ్యసమితి లారీల మీద అల్ కూమా దగ్గర దాడి జరిగి ఐదుగురు చనిపోయారు. ఫాషిర్‌లో కహత్ ఉందని నిపుణులు అధికారికంగా తేల్చింది నవంబర్‌లో. అప్పటికి షహరే పోయింది.

షహర్ పక్కన జమ్‌జమ్ అనే శరణార్థుల క్యాంపు ఉండేది. జమ్‌జమ్! ఆ పేరు వింటేనే మన కళ్లు చెమ్మగిల్లుతాయి. హాజీలు తెచ్చిన ఆ నీళ్లను నిలబడి, ఖిబ్లా వైపు తిరిగి, బిస్మిల్లా అని గుటక గుటకగా తాగుతాం. ఆ పేరున్న క్యాంపులో కహత్ ఉందని 2024 ఆగస్టులోనే ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్ దాని మీద పడింది. మూడు రోజుల్లో వందల మందిని చంపింది. క్లినిక్‌లో పనిచేసే వైద్య సిబ్బందిని కూడా వదల్లేదు. లక్షల మంది మళ్లీ రోడ్డున పడ్డారు.

2025 సెప్టెంబర్ 19. జుమా రోజు. ఫాషిర్‌లో ఫజర్ నమాజుకి సఫ్ కట్టిన మసీదు మీద డ్రోన్ బాంబు వేసింది. డెబ్బై మందికి పైగా షహీద్ అయ్యారు. ఇదే పని ఇజ్రాయిల్ చేసి ఉంటే ఆ రోజు జుమాలో మన మసీదులు ఎలా ఉండేవో మీకు చెప్పనక్కర్లేదు.

అక్టోబర్ 28న సౌదీ ప్రసూతి ఆసుపత్రిలో రోగుల్ని, వాళ్ల వెంట ఉన్నవాళ్లని కలిపి 460 మందికి పైగా చంపారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అరవై కిలోమీటర్ల దూరంలోని తవీలాకి నడిచి పారిపోతున్నవాళ్లని దారిలో ఆపారు. మగవాళ్లని వేరు చేశారు. కొందరిని చంపారు, కొందరిని పట్టుకుని ఇంటివాళ్లని డబ్బు అడిగారు. తవీలా చేరినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ.

ఇదీ ఖిస్సా. ఇప్పుడు మన బహానాలు చూద్దాం.

మొదటి బహానా: ఇద్దరూ ముస్లింలే, ఇది ఫిత్నా, ఫిత్నాలో నోరు విప్పకూడదు.

అయ్యా, కర్బలాలో రెండువైపులా ఎవరున్నారు? రెండు వైపులా అజాన్ అయ్యింది. రెండు వైపులా నమాజ్ అయ్యింది. ఒక వైపువాళ్లు రెండో వైపు పిల్లలకు ఫురాత్ నీళ్లు అందకుండా కాపలా కాశారు. అది ముహాసరానే. పధ్నాలుగు వందల ఏళ్లుగా ఆ దాహాన్ని మనం మర్చిపోలేదు. మన తెలుగు పల్లెల్లో పీర్ల పండగ చేసేవాళ్లలో సగం మంది ముస్లింలు కూడా కారు. మాదిగవాడల నుంచి, గొల్లవాడల నుంచి వచ్చి పీర్లు ఎత్తుకుంటారు, షర్బత్ పంచుతారు. ఎవరి దాహం కోసం? మజ్లూమ్‌ని ఒంటరిగా వదిలేసినందుకే కదా కూఫా పేరు ఇప్పటికీ బద్‌నామ్‌గా మిగిలింది! ప్రతి ముహర్రంకీ కూఫా వాళ్లని తిట్టే మనం ఫాషిర్ విషయంలో కూఫా వాళ్ల పనే చేస్తున్నాం.

దీన్ పేరు చెప్పి ఖామోష్‌గా ఉండటానికి కూడా దారి లేదు. మోమిన్‌ల రెండు గిరోహ్‌లు కొట్టుకుంటే ఏం చేయాలో సూరె హుజురాత్‌లో సాఫ్‌గా ఉంది. సులహ్ చేయించాలి. ఒకరు జ్యాదతీకి దిగితే వాళ్లని అడ్డుకోవాలి. తర్వాత కూడా ఇన్సాఫ్‌తోనే సులహ్ చేయాలి. చూసీ చూడనట్టు ఉండమని అందులో ఎక్కడుంది? భాయి జాలిమ్ అయినప్పుడు అతనికి చేసే సాయం అతని చెయ్యి పట్టుకుని ఆపడమేనని హదీస్ నేర్పుతుంది. మదర్సాలో పదేళ్ల పిల్లాడికి కూడా ఇది తెలుసు.

రెండో బహానా: ఇదంతా బయటివాళ్ల సాజిష్.

సాజిష్‌లు లేవని నేను అనను. కానీ సాజిష్ అనే మాటని మనం చీపురులా వాడుతున్నాం. ఇంట్లో చెత్త మొత్తం వాకిట్లోకి ఊడ్చేయడానికి పనికొస్తోంది. ఆర్‌ఎస్‌ఎఫ్‌ని ఎవరు పుట్టించారు? 2003లో దార్ఫూర్ తిరుగుబాటుదార్లు ఇదే ఫాషిర్ విమానాశ్రయం మీద దాడి చేశారు. దానికి బదులుగా ఖార్తూమ్‌లో షరియత్ పేరు చెప్పుకుని గద్దె మీద కూర్చున్న ఉమర్ అల్ బషీర్ ప్రభుత్వం జంజవీద్ అనే గుర్రపు ముఠాలకు తుపాకులిచ్చి ఊళ్ల మీదకి వదిలింది. ఫూర్, జఘావా, మసాలిత్ ఖబీలాల ఊళ్లు తగలబడ్డాయి. వాళ్లూ నమాజీలే. 2013లో ఆ ముఠాలకే వర్దీ తొడిగి ఆర్‌ఎస్‌ఎఫ్ అని పేరు పెట్టారు. బషీర్ హెమెద్తీని 'హిమాయతీ' అని పిలిచేవాడట. నా హిమాయత్, నా రక్ష అని అర్థం. 2019లో జనం రోడ్డెక్కినప్పుడు ఆ హిమాయతే బషీర్‌ని వదిలేసింది. తర్వాత అదే ఏడాది రంజాన్ చివరి రోజుల్లో ఖార్తూమ్‌లో ధర్నాలో కూర్చున్న నౌజవాన్ల మీద తూటాలు కురిపించింది.

ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 6న హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అలీ కుషైబ్ అనే జంజవీద్ నాయకుడిని 27 అభియోగాల్లో దోషిగా తేల్చింది. ఇరవై ఏళ్ల కిందటి జుల్మ్‌కి అప్పుడు తీర్పొచ్చింది. సరిగ్గా ఇరవై రోజులకి అదే జంజవీద్ వారసులు ఫాషిర్‌లోకి దూరారు. ఇన్సాఫ్‌కి ఇరవై ఏళ్లు పట్టింది, జుల్మ్‌కి ఇరవై రోజులు సరిపోయాయి. ఇందులో బయటివాళ్ల సాజిష్ ఎంతో నాకు తెలీదు గానీ, మనవాళ్ల చేతులు మాత్రం ఎర్రగా కనపడుతున్నాయి.

మూడో బహానా: రెండు వైపులా తప్పుంది, ఎవరి పక్షం తీసుకోవాలి?

తప్పు రెండు వైపులా ఉంది, నిజమే. 2024 డిసెంబర్‌లో కబ్‌కాబియా సంత మీద సైన్యం విమానాలు బాంబులేసి వంద మందికి పైగా చంపాయి. 2025 మార్చిలో తోరా సంత మీదా అదే జరిగింది. చాద్ సరిహద్దులో అద్రే దారిని 2024లో నెలల తరబడి మూయించి తిండి రాకుండా చేసింది కూడా సైన్యం వైపు సర్కారే. అక్టోబర్ 26న ఫాషిర్‌లోని సైనిక స్థావరం పడిపోయింది. సైన్యం తప్పుకుందని మర్నాడు బుర్హాన్ టీవీలో చెప్పాడు. సైన్యం తప్పుకుంది సరే, జనం ఎక్కడికి తప్పుకోవాలి? ఆ సంగతి చెప్పలేదు.

అయితే ఏంటి? మనల్ని బుర్హాన్‌కి జిందాబాద్ కొట్టమని ఎవరడిగారు? జనరల్‌లు ఇద్దరు, మధ్యలో అంబాజ్ నానబెట్టుకుంటున్న అమ్మ ఒకతె. పక్షం తీసుకోవాల్సింది ఆమెది. సూడాన్‌లో ఆ పక్షం మనుషులు ఉన్నారు. ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పేరుతో మహల్లా మహల్లాకీ నౌజవాన్లు జమ అయ్యి, ఎవరింట్లో ఏముంటే అది తెచ్చి ఉమ్మడిగా వండి పంచారు. అలాంటి వంటశాలని వాళ్లు తకియా అంటారు. మన ఊళ్లలో ఫకీర్లు ఉండే తకియా మాటే అది. బాంబులు పడుతుంటే కూడా ఆ తకియాల పొయ్యి ఆరకుండా చూశారు. చాలామంది అందుకే ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండు వైపులా తప్పుంది అనే మాట ఈ పిల్లల ముందు నిలబడి అనగలరా?

నాలుగో బహానా: దీని గురించి మాట్లాడితే దుష్మన్‌లు వాడుకుంటారు.

ఇది అసలైన భయం, దీన్ని నేను కొట్టిపారేయను. గాజా గురించి పోస్టు పెట్టగానే, సూడాన్ గురించి ఎందుకు మాట్లాడరు అని కామెంటు వస్తుంది. అడిగేవాడికి సూడాన్ మీద ప్రేమ లేదు. మ్యాపులో చూపించమంటే చూపించలేడు. మనల్ని చిన్నబుచ్చడమే అతని పని. కానీ ఆలోచించండి, ఆ తానా ఎందుకు తగులుతుంది? మనం మాట్లాడలేదు కాబట్టి తగులుతుంది. ఫాషిర్ పేరు మన మసీదుల్లో ముందే మోగి ఉంటే ఆ ప్రశ్నకి పదును ఎక్కడుండేది? దుష్మన్ మన గాయం మీద వేలు పెట్టాడని గాయం లేదని చెప్పుకుంటామా? ఫాషిర్ కోసం ఏడిస్తే గాజా కోసం ఏడ్చిన ఏడుపు పలచబడదు. ఒక ఇంట్లో జనాజా లేస్తే పక్కింటి జనాజాకి పోవడం మానేస్తామా?

ఐదో బహానా పైకి ఎవరూ చెప్పరు: మన రోజీ అక్కడుంది.

ఆర్‌ఎస్‌ఎఫ్‌కి హథియార్లు ఎక్కడి నుంచి వస్తున్నాయనే ప్రశ్నకి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పేరు పదే పదే వస్తోంది. చాద్‌లోని అమ్‌జరాస్ మీదుగా హథియార్లు పోతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవని 2024 జనవరిలో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రాసింది. ఎమిరేట్స్ ఇదంతా అబద్ధం అంటోంది. సూడాన్ ప్రభుత్వం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే 2025 మేలో ఆ కేసు విచారించే అధికారం తమకు లేదని కోర్టు పక్కన పెట్టింది. ఆరోపణ నిజమా కాదా అనే దాకా విచారణ పోనేలేదు. బుర్హాన్ వైపూ ఈజిప్ట్ మద్దతు, టర్కీ, ఇరాన్ డ్రోన్‌లు ఉన్నాయి. ముస్లిం దేశాల డబ్బుతో, ముస్లిం దేశాల డ్రోన్‌లతో ముస్లింలు చస్తున్నారు.

దుబాయ్, షార్జా, అబూ ధాబీ పేర్లు మనకు పరాయివి కావు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, కడప, హైదరాబాద్ పాతబస్తీ - ఏ గల్లీకి పోయినా ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడి ఎండలో చెమటోడ్చి పంపిన డబ్బు హలాల్. ఒక్క పైసా విషయంలో కూడా ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. అక్కడ లేబర్ క్యాంపులో ఉన్న కొడుకుని పోస్టులు పెట్టమని అడగడం జహాలత్. అతని వీసా పోతుంది, ఇల్లు మునుగుతుంది. కానీ ఇక్కడ, సొంత ఊళ్లో, సొంత మసీదులో కూర్చున్న సదర్ సాహెబ్‌కి, ఇమామ్ సాహెబ్‌కి, మనకి నోరు ఎందుకు పడిపోయింది? షేక్ గారికి కోపం వస్తుందని కరీంనగర్‌లో భయపడటం ఏమిటి?

ఇక బంగారం. దార్ఫూర్‌లో జబల్ ఆమిర్ అనే బంగారు కొండ ఉంది. 2017లో హెమెద్తీ మనుషులు దాన్ని చేజిక్కించుకున్నారు. ఆయన ఖాందాన్ దౌలత్ అక్కడి నుంచే పెరిగింది. సూడాన్ బంగారం ఎక్కువగా చేరేది ఎమిరేట్స్‌కే. సైన్యం చేతిలో ఉన్న గనుల బంగారం కూడా చాలావరకు అక్కడికే పోయింది. ఒకరినొకరు చంపుకునే ఇద్దరికీ బజార్ మాత్రం ఒకటే. కరిగించాక బంగారానికి ఊరూ పేరూ ఉండవు. ఇత్తడి కాదని హాల్‌మార్క్ చెబుతుంది, ఎన్ని కేరట్లో చెబుతుంది, ఏ గనిదో చెప్పదు. మన ఇళ్లలో నికాహ్ ఖాయం కాగానే దుబాయ్ నుంచి ఎవరొస్తున్నారో వాకబు చేస్తాం. దుబాయ్ సోనా అంటే ఖాలిస్ సోనా అని మన నమ్మకం. మీ బేటీ చేతి గాజుల్లో దార్ఫూర్ బంగారం ఉందని నేను అనను. లేదని మీరూ అనలేరు. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి కంపెనీ చూసిన పిల్లలున్న ఇంట్లో, లక్షలు పోసి కొనే బంగారం గురించి ఒక్క సవాల్ కూడా ఎందుకు లేవదు?

ఆరో బహానా మనలో మనకే తెలియనంత లోపల ఉంది: వాళ్లు నల్లవాళ్లు.

కోపం తెచ్చుకోకండి. ఆర్‌ఎస్‌ఎఫ్ మనుషులు తాము చంపేవాళ్లని అబీద్ అని తిట్టారు. గులాములు అని అర్థం. మనమేమో పిల్లలకు అబ్దుల్లా, అబ్దుర్రహమాన్ అని ఫఖర్‌గా పేరు పెట్టుకుంటాం. అల్లాకి అబ్ద్ కావడం ఇజ్జత్ అయిన దీన్‌లో, అదే మాట నల్లటి ముస్లింని చంపేటప్పుడు గాలీ అయిపోయింది. మనం మాత్రం తక్కువా? హజరత్ బిలాల్ పేరు చెబితే కళ్లకు అద్దుకుంటాం. రిష్తా వెతికేటప్పుడు గోరీ లడ్కీ కావాలంటాం. దూదేకుల భాయికి బేటీని ఇవ్వడానికి ఖాందాన్ అడ్డొస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే మహల్లాకి ఆ పేరు నిజాం కాలంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ సిద్దీల వారసులు మన మధ్యే ఉన్నారు. వాళ్లని సూటిగా పలకరించిన ఖాందానీలు ఎంతమంది? టోలిచౌకిలో సూడానీ స్టూడెంట్ గది అద్దెకడిగితే మన ఇంటి ఓనర్ల ముఖాలు ఎలా మారతాయో గమనించండి. ఉమ్మత్ ఒకే జిస్మ్ అని తకరీర్‌లు వింటాం. ఆ జిస్మ్‌లో నల్లటి చెయ్యి తెగిపడితే నొప్పి రాలేదంటే రోగం ఎక్కడుందో వెతుక్కోవాలి.

బహానాలు అయిపోయాయి. మనం ఏం చేయగలం అంటారా? పెద్ద పెద్ద ఫౌజులు ఆపలేనిది మనం ఆపలేం. కానీ మన చేతిలో ఉన్నవి ఉన్నాయి.

జుమా బయాన్‌లో ఫాషిర్ పేరు పెట్టి మాట్లాడమని ఇమామ్ సాహెబ్‌ని అడగండి. 'దునియా ముసల్మానులందరి కోసం' అని ఒక్క మాటలో దాటేయనీయకండి. పేరు పెట్టి చేసిన దువా విన్నవాడికి ఆ షహర్ ఎక్కడుందో వెతకాలనిపిస్తుంది.

మన షహర్‌లోనే ఉన్న సూడానీలని కలవండి. ఉస్మానియాలో, ఇతర కాలేజీల్లో చదివే పిల్లలున్నారు. వాళ్ల ఇంటి సంగతి అడగండి. ఇంటి నుంచి డబ్బు ఆగిపోయి ఎవరైనా ఫీజు కట్టలేకపోతే మహల్లా బైతుల్ మాల్ నుంచి కట్టండి. గది ఇవ్వండి. ఈద్‌కి దస్తర్‌ఖాన్ దగ్గరకు పిలవండి. వాట్సాప్‌లో తిరిగే తెలియని క్యూఆర్ కోడ్‌లకి మాత్రం డబ్బు పంపకండి. విదేశాలకు డబ్బు పంపడానికి ఖానూన్లు ఉన్నాయి, మోసగాళ్లూ ఉన్నారు.

బంగారం షాపులో అడగండి, ఈ బంగారం ఎక్కడిది అని. షాపతను నవ్వుతాడు. నవ్వనివ్వండి. పదిమంది అడిగితే పదకొండోవాడి దగ్గర నవ్వడు. షాదీకి అరతులం తగ్గించి సాదాగా నికాహ్ చేస్తే ఇంకా మంచిది, అది సున్నత్ కూడా.

చదువుకున్నవాళ్లు ఎంపీలకి రాయండి. 2023లో జంగ్ మొదలైనప్పుడు మన దేశం ఆపరేషన్ కావేరీ పేరుతో 3,800 మందికి పైగా మనవాళ్లని సూడాన్ నుంచి క్షేమంగా తెచ్చుకుంది. పోర్ట్ సూడాన్ నుంచి జిద్దా, జిద్దా నుంచి ఇంటికి. దాన్ని మెచ్చుకుందాం. మనవాళ్లు వచ్చేశారు కాబట్టి ఆ దేశం మనకి అక్కర్లేదు అనుకోవద్దని అడుగుదాం. హథియార్లు ఎవరు పంపినా ఆపమనే మాట గల్ఫ్ దేశాలతో దోస్తీ ఉన్న మన దేశం అనగలదు.

2025 సెప్టెంబర్‌లో సూడాన్‌లో మూడు నెలలు జంగ్ ఆపమని నాలుగు దేశాలు కలిసి పిలుపునిచ్చాయి. అమెరికా, సౌదీ, ఈజిప్ట్, ఎమిరేట్స్. ఆ నాలుగింట్లో మూడు మనం హజ్‌కీ, చదువుకీ, రోజీకీ పోయే దేశాలు. వాళ్లు పిలుపునిచ్చిన వారంలోనే ఫాషిర్ మసీదు మీద బాంబు పడింది. ఫజర్ సఫ్‌లో నిలబడినవాళ్లు సజ్దాలోనే పోయారు. వాళ్ల జనాజాకి మనం పోలేం. గాయబానా నమాజ్ చదివే మస్లక్‌వాళ్లు చదవండి. చదవనివాళ్లు మగ్ఫిరత్ దువా చేయండి. ఏదో ఒకటి చేయండి.

వచ్చే జుమాకి ఒక చిట్టీ మీద 'ఫాషిర్' అని రాసి ఇమామ్ సాహెబ్ చేతికివ్వండి. చదవనంటే ఎందుకు చదవరో నలుగురి ముందు అడగండి.